చర్మం కింద గడ్డ, గాజుపలక మీద రంగు



మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ములో వైద్య సహాయానికి పోయే భాగం తక్కువేమీ కాదు. ఏ నెలలో ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం అన్న లెక్కలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈ పాఠం లెక్కల గురించి కాదు. ఆపరేషన్ బిల్లులో అట్టడుగున ఒక చిన్న పద్దు ఉంటుంది, 'బయాప్సీ' అని. చాలా కుటుంబాలు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట కొట్టేయించేది ఆ పద్దునే. దాన్ని ఎందుకు కొట్టేయకూడదో, చర్మం కింద దాక్కునే పురుగుల జబ్బుల్ని ఉదాహరణగా తీసుకుని చెప్పదలచుకున్నాం.

ఒక పిల్లవాడిని ఊహించుకోండి. హిందూపురంలో చింతపండు మండీ దగ్గర హమాలీ పని చేసే తండ్రి, పదేళ్ల కొడుకు. పిల్లవాడి భుజం కింద చింతగింజంత గడ్డ. నొప్పి లేదు, ఎర్రగా లేదు, వేలితో నొక్కితే కదులుతుంది. మూడు నెలలు చూసి ఆస్పత్రికి తీసుకెళ్తారు. డాక్టరు చిన్న కోత పెట్టి గడ్డ తీసేసి ట్రేలో చూపిస్తాడు. తెల్లగా ముత్యంలా ఉంటుంది. "టెస్టుకు పంపమంటారా?" అని అడుగుతాడు. "ఎంతవుతుంది సార్?" అంటాడు తండ్రి. చెప్పగానే "తీసేశారు గదా సార్, ఇంకెందుకు" అంటాడు. గడ్డ పసుపు రంగు చెత్తసంచిలోకి పోతుంది. కుట్లు మానిపోతాయి, అందరూ మర్చిపోతారు. మరుసటి ఏడు ఆ పిల్లవాడికి బడిలో ఫిట్స్ వస్తే, ఆ ఫిట్స్‌కూ ఆ గడ్డకూ సంబంధం ఉందేమో చెప్పగలిగిన ఒకే ఒక సాక్ష్యం అప్పటికే కాలి బూడిదై ఉంటుంది.

ఆ సాక్ష్యం ఎలా మాట్లాడుతుందో తెలిస్తే దాన్ని పారేయడానికి మనసు రాదు. అందుకని ముందు రంగుల సంగతి చెబుతాం.

రంగు పట్టించే పని

ధర్మవరం వాళ్లకు రంగు గురించి మేము చెప్పనవసరం లేదు. పట్టునూలు మగ్గం ఎక్కేముందు దాన్ని ఉడకబెట్టి జిగురు తీస్తారు, ఆ తర్వాతే రంగు తొట్టిలో ముంచుతారు. జిగురు పోని నూలుకు రంగు సరిగా పట్టదు. కొన్ని రంగులు నేరుగా పట్టవు, మధ్యలో పటికలాంటి ఉప్పు ఉండాలి. ప్రయోగశాలలో కణజాలానికి రంగు వేసేవాడు చేసే పని కూడా అచ్చంగా ఇదే. పోలిక కోసం ఈ మాట అనడం లేదు. చరిత్ర చూస్తే ఆ రంగులు వచ్చింది కూడా బట్టల అద్దకం నుంచే.

ఈనాటికీ ప్రపంచంలో ప్రతి బయాప్సీకీ మొదట వేసేవి రెండు రంగులు, హెమటాక్సిలిన్, ఇయోసిన్. హెమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవనుంచి వస్తుంది. యూరప్‌లో ఆ చెక్కతో శతాబ్దాల పాటు ఉన్నికీ, పట్టుకీ నలుపు, ఊదా రంగులు వేశారు. ఒట్టి హెమటాక్సిలిన్ కణాలకు సరిగా అంటదు. 1865లో బోమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి పటిక కలిపాక కణాల మధ్యనున్న కేంద్రకాలు నీలిరంగులో స్పష్టంగా కనిపించాయి. మన అద్దకంవాళ్ల పటిక సూత్రం అక్కడా పనిచేసింది. గులాబీ రంగు వేసే ఇయోసిన్ 1870లలో జర్మనీ రంగుల పరిశ్రమలో పుట్టింది. పరాన్నజీవుల్ని చూపించే రంగుల్లో ముఖ్యమైన మిథిలీన్ బ్లూ కూడా అంతే, అది 1876లో బట్టల కోసం తయారైన రంగు.

గడ్డ తీసిన వెంటనే దాన్ని ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. పదిశాతం ఫార్మలిన్, అదీ గడ్డ పరిమాణానికి కనీసం పదింతలు. ఫార్మలిన్ కణజాలం కుళ్లకుండా, ఉన్నది ఉన్నట్టు గట్టిపరుస్తుంది. దాదాపు ఒక రోజు నానాక దాన్ని సన్నగా కోసి, మెల్లమెల్లగా చిక్కదనం పెంచుతూ ఆల్కహాల్‌లో ఉంచి నీరంతా తీసేస్తారు. తర్వాత జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో దిగేస్తారు. మైనం చల్లారితే గడ్డ ముక్క ఒక చిన్న మైనపు ఇటుకలో ఇరుక్కుని ఉంటుంది. దీన్ని బ్లాక్ అంటారు. మైక్రోటోమ్ అనే యంత్రం మీద ఆ ఇటుకను మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందంలో పొరలుపొరలుగా కోస్తారు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అంటే ఒక వెంట్రుక మందంలో పదిహేను, ఇరవై పొరలు తీస్తారన్నమాట. ఆ పొరను గోరువెచ్చని నీటిమీద తేలేసి, గాజుపలక మీదికి ఎక్కించి, మైనం కరగదీసి రంగులు వేస్తారు. మైనం పూర్తిగా పోకపోతే రంగు పట్టదు. నూలుకు జిగురు ఎలాగో దీనికి మైనం అలాగ.

ఇంత పనిలో లక్షల రూపాయల యంత్రం ఏదీ తప్పనిసరి కాదు. మంచి మైక్రోస్కోపు, మైక్రోటోమ్, రంగు సీసాలు, ఓపికగల టెక్నీషియన్, చూసి చదవగల పాథాలజీ డాక్టరు కావాలి. మా అభిప్రాయం అడిగితే, ఈ చివరి ఇద్దరే అరుదు, యంత్రాలు కావు.

ముత్యంలాంటి గడ్డలో ఏముంటుంది

మనం ఊహించిన పిల్లవాడి గడ్డను చెత్తలో పడేయకుండా పంపితే ఏం కనిపించవచ్చు? అది కొవ్వుగడ్డ అయితే కొవ్వుకణాలు తప్ప ఇంకేమీ ఉండవు. గడ్డ సిస్టిసర్కస్ అయితే మాత్రం చిన్న నీటి సంచి, దాని గోడ అలలు అలలుగా మడతలు పడి, లోపల ఒక పురుగు తల కనిపిస్తుంది. ఆ తలకు నాలుగు చూషకాలు, రెండు వరసల కొంకులు. ఇది పంది బద్దెపురుగు పిల్లదశ, టీనియా సోలియం. చుట్టూ శరీరం పంపిన రక్షణకణాలు, వాటిలో ఇయోసిన్ రంగును గట్టిగా పీల్చుకుని ఎర్రగా మెరిసే ఇయోసినోఫిల్ కణాలు గుంపులుగా ఉంటాయి. పురుగు ఉందేమోనన్న అనుమానం ముందుగా వచ్చేది ఆ ఎర్రని కణాల్ని చూసే.

ఒక్కోసారి పురుగు ఎప్పుడో చచ్చి, కరిగి, చీము మాత్రమే మిగులుతుంది. అప్పుడు చూసేవారికి అది క్షయ గడ్డలా అనిపించవచ్చు. మెడ దగ్గర ఉంటే మనవాళ్లు గండమాల అనేస్తారు. అక్కడ జీల్-నీల్సన్ అనే రంగు వేస్తారు. దాంట్లో ముందు ఎర్రరంగు ఎక్కించి, తర్వాత ఆమ్లంతో కడుగుతారు. క్షయ సూక్ష్మజీవి ఒంటిమీద మైనంలాంటి పొర ఉండటం వల్ల ఆమ్లం కడిగినా ఎరుపు వదలదు. విశేషం ఏమంటే, బద్దెపురుగు కొంకులు కూడా ఆ ఎరుపును వదలవు. పురుగు ఒళ్లంతా కరిగిపోయినా కొంకులు మిగిలిపోతాయి. ఒకే రంగు ఒకే గాజుపలక మీద రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎర్రని సన్నని కడ్డీలు కనిపిస్తే క్షయ, ఎర్రని వంకర కొంకులు కనిపిస్తే పురుగు. మొదటి జవాబు వస్తే ఆరు నెలలు, అంతకు మించి కూడా మందులు. రెండో జవాబు వస్తే ఆ మందులు ఒక్కటీ అక్కర్లేదు, కానీ మెదడునూ కళ్లనూ చూడాలి.

ఇక్కడికి వచ్చేసరికి మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది. ఒక తల్లి అడిగినట్టే రాస్తున్నాం: "పంది మాంసం మా గడప తొక్కదు గదా భాయ్, మా బిడ్డకు పంది పురుగు ఎట్లొస్తుంది?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. ఈ పురుగుకు రెండు దశలున్నాయి. సరిగా ఉడకని పందిమాంసంలోని పిల్లదశను తిన్నవాడి కడుపులో అది పెద్ద బద్దెపురుగవుతుంది, మీటర్ల పొడవు పెరుగుతుంది. ఆ మనిషికి చర్మం కింద గడ్డలు రావాలని లేదు, తనకు పురుగు ఉందని కూడా తెలియకపోవచ్చు. అతని మలంలో పురుగు గుడ్లు వేలకొద్దీ బయటికి వస్తాయి. ఆ గుడ్లు మట్టిలోకి, మురుగులోకి, ఆకుకూరల మీదికి, తాగే నీళ్లలోకి, కడగని చేతులమీదికి చేరతాయి. గుడ్లు ఎవరి నోట్లో పడితే వారి పేగు గోడను దాటి రక్తంలో కలిసి కండలోకి, చర్మం కిందికి, కంటిలోకి, మెదడులోకి చేరి సంచులు కడతాయి. గడ్డలు వచ్చేది మాంసం తిన్నందుకు కాదు, మలంలోని గుడ్డు నోట్లో పడినందుకు. శాకాహారులకూ వస్తుంది, మనకూ వస్తుంది. పందులు మురుగుకాలవల్లో తిరిగే వీధులు, బహిర్భూమికి పొలం గట్లకు వెళ్లే అలవాటు ఉన్నచోట ఆ గొలుసు తెగదు.

దీనికి ప్రపంచంలో బాగా పేరుపడిన ఉదాహరణ న్యూయార్క్ నగరానిది. పంది మాంసాన్ని మనలాగే నిషిద్ధంగా చూసే సనాతన యూదు సమాజంలో 1990, 1991లలో నలుగురికి మెదడులో ఈ గడ్డలు బయటపడ్డాయి. అందరూ విస్తుపోయారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారు విచారించి, ఈ పురుగు ఎక్కువగా ఉండే లాటిన్ అమెరికా దేశాలనుంచి ఇంటిపనికి వచ్చినవారి ద్వారా గుడ్లు ఆ ఇళ్లకు చేరి ఉంటాయని తేల్చారు. ఈ నివేదిక 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దీన్ని చదివి ఎవరైనా తమ ఇంటి వంటమనిషిని మాన్పించాలనుకుంటే పాఠం తలకిందులుగా అర్థమైనట్టే. ఆ తల్లికి మల పరీక్ష చేయించి, అవసరమైతే డాక్టరు చెప్పిన మందు ఇప్పిస్తే పురుగు పోతుంది. ఆమెకు ఇంట్లో మరుగుదొడ్డి ఉందో లేదో కనుక్కోవడం అంతకంటే ముఖ్యం.

వెల్లూరు నేర్పిన సంగతి

మన మూడు ఊళ్ల నుంచి పెద్ద జబ్బంటే బెంగళూరుకో, వెల్లూరుకో రైలెక్కడం అలవాటే. ఆ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే కణజాలానికి రంగు వేసి చూడటం ఎంతమందికి మేలు చేసిందో చెప్పే చరిత్ర ఒకటి జరిగింది.

1980లలో మన దేశంలో సీటీ స్కాన్లు వచ్చాయి. ఫిట్స్‌తో వచ్చిన చాలామంది మెదడులో ఒక చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడసాగింది. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి అది మెదడులో క్షయ గడ్డే అని ఎక్కువమంది వైద్యులు అనుకున్నారు, నెలల తరబడి క్షయ మందులు వాడించారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తే మచ్చ మాయం. మందులు పనిచేశాయనుకున్నారు. వెల్లూరులో న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు కొందరి మెదడులోంచి ఆ మచ్చను తీసి గాజుపలక మీదికి ఎక్కించి చూశారు. చాలావాటిలో కనబడింది క్షయ కాదు, చచ్చిపోతున్న సిస్టిసర్కస్ పురుగు. పురుగు చచ్చాక శరీరం దాన్ని తనంతట తానే కరిగించుకుంటుంది. మచ్చ మాయమైంది అందుకే. వారి పరిశోధనలు 1980ల చివరనుంచి 1990ల మొదటి భాగంలో వెలువడ్డాయి. ఆ తర్వాత ఇలాంటి మచ్చ ఉన్న రోగికి క్షయ మందులు మొదలుపెట్టడం బాగా తగ్గింది. ఫిట్స్ మాత్రలు వాడుతూ, స్కాన్‌తో కనిపెట్టుకుని ఉండటం పద్ధతి అయింది.

క్షయ మందులు ఊరికే మింగించదగ్గవి కావు. కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కంటిచూపును దెబ్బతీసేది కూడా వాటిలో ఉంది. అప్పట్లో ఊరికే వాటిని మింగిన పేదవారి సంగతి తలచుకుంటే, ఒక గాజుపలక విలువ రూపాయల్లో లెక్కగట్టేది కాదనిపిస్తుంది.

మెదడును కోసి చూడటం అందరికీ కుదరదు. అక్కడే చర్మం కింది గడ్డ విలువ. ఫిట్స్ వస్తున్న రోగికి చేతిమీద గడ్డ ఉంటే, దాన్ని తీసి చూడటం అతి సులభం. అది సిస్టిసర్కస్ అని రుజువైతే మెదడులోని మచ్చ కూడా అదే అయ్యే అవకాశం ఎంతో బలపడుతుంది. వైద్యులు రోగనిర్ధారణకు పెట్టుకున్న ప్రమాణాల్లో కూడా దానికి చోటుంది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. గడ్డలో పురుగు ఉందని తెలియగానే మందుల షాపులో పురుగుల మాత్రలు కొని రోజుల తరబడి మింగకూడదు. మెదడులో, కంటిలో సంచులు ఉండి, అవన్నీ ఒక్కసారి చస్తే వాపు వచ్చి ప్రాణానికి, చూపుకు ముప్పు. ముందు స్కాన్, కంటి పరీక్ష, ఆ తర్వాతే మందు, అదీ డాక్టరు కనుసన్నలో.

ఖుర్బానీ కాలేజం, వీధికుక్క

ఇక రెండో పురుగు. ఇది మన ఇంటి గుమ్మం ముందే ఉన్నది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాం. అనంతపురం ప్రాంతం గొర్రెల సీమ. గొర్రె కాలేజం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటి సంచులు కసాయివాళ్లు తరచుగా చూస్తుంటారు. అవి హైడాటిడ్ సంచులు. కుక్క పేగులో ఉండే, కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉండే ఒక చిన్న బద్దెపురుగు పిల్లదశ ఇది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని వైద్యగ్రంథాలు రాస్తాయి.

గొలుసు ఇలా నడుస్తుంది. సంచి ఉన్న గొర్రె కాలేజాన్ని కుక్క తింటుంది. కుక్క కడుపులో పురుగులు పెరుగుతాయి. కుక్క మలంలో గుడ్లు వస్తాయి. ఆ గుడ్లు గడ్డిమీద పడితే గొర్రెకు, మన నోట్లో పడితే మనకు. మనిషిలో ఎక్కువగా కాలేయంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో సంచి కడుతుంది. చర్మం కింద, కండలో రావడం అరుదు, కానీ వస్తుంది. వచ్చినప్పుడు అందరూ దాన్ని మామూలు నీటిగడ్డే అనుకుంటారు.

ఆ అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. హైడాటిడ్ సంచిలోకి సూది గుచ్చితే లోపలి నీరు శరీరంలో చిమ్మి తీవ్రమైన అలర్జీ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కొత్త సంచులు కూడా పుట్టవచ్చు. అందుకని మన ప్రాంతంలో నెమ్మదిగా పెరిగే నీటిగడ్డ ఏదైనా సరే, సూది గుచ్చేముందు ఒక అల్ట్రాసౌండ్ తీయించమని అడగండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటాడోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆపరేషన్‌లో తీసిన సంచిని ప్రయోగశాలలో పీఏఎస్ అనే రంగు వేసి చూస్తారు. సంచి గోడ పొరలుపొరలుగా, ముదురు గులాబీ రంగులో వెలిగిపోతుంది. పక్కన చిన్న కొంకులు కూడా కనిపిస్తే ఇక సందేహం ఉండదు.

పంది పురుగు విషయంలో చెప్పిన మాటే ఇక్కడా. సంచి ఉన్న గొర్రె మాంసం తిన్న మనిషికి ఆ మాంసం వల్ల హైడాటిడ్ రాదు. దాన్ని తిన్న కుక్క వల్ల వస్తుంది. కాబట్టి బక్రీదు రోజున మన చేతిలో ఉన్న పని చాలా పెద్దది. నీటి బుడగలున్న కాలేజం, ఊపిరితిత్తులు ఏవైనా వీధిలో పారేస్తే, కాలవలో వేస్తే కుక్కలకు చేరతాయి. లోతుగా గుంత తవ్వి పూడ్చాలి, కుక్క తవ్వి తీయలేనంత లోతుగా. వీలైతే కాల్చాలి. ఖుర్బానీ ఏర్పాట్లు చూసే యువకులు ఈ ఒక్క పనికి ఇద్దరు మనుషుల్ని, రెండు పారల్ని కేటాయించుకుంటే చాలు. పెనుకొండ బాబయ్య దర్గాకు వచ్చే జనం మధ్యా, హిందూపురం మార్కెట్ వీధుల్లోనూ తిరిగే కుక్కల్ని చూసినవారికి ఈ మాట ఎందుకంటున్నామో తెలుసు. కసాయి అన్నలకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు, సంచి ఎలా ఉంటుందో వారినే అడిగి చూడండి.

గల్ఫ్ నుంచి వచ్చిన పుండు

రాయలసీమ ముస్లిం కుటుంబాల్లో కువైట్‌కో, సౌదీకో పోనివాడు లేని ఇల్లు తక్కువ. ఎడారి ప్రాంతాల్లో ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే చర్మ లీష్మానియాసిస్ అనే జబ్బు ఉంది. ముఖం మీదో చేతిమీదో చిన్న గుల్ల మొదలై, నెలల తరబడి మానని పుండవుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. అక్కడివాళ్లు దీన్ని బాగ్దాద్ పుండు, అలెప్పో పుండు అంటారు. మన దేశంలో ఇది రాజస్థాన్‌లోని బికనేరు వైపు ఉంది, మన జిల్లాలో ఉండేది కాదు. అందుకే ఇక్కడి డాక్టరుకు వెంటనే తట్టకపోవచ్చు. రోగి నోరు తెరిచి "నేను సౌదీనుంచి వచ్చి నాలుగు నెలలైంది" అని చెప్పాలి. ఆ ఒక్క మాట సగం పరీక్ష.

మిగతా సగం గాజుపలక. పుండు అంచున చిన్న గాటు పెట్టి, గీకి, పలకమీద రాసి, గీమ్సా రంగు వేసి చూస్తే కణాల లోపల గుండ్రని చుక్కలు, ఒక్కోదానిలో ఒక పెద్ద చుక్క, పక్కన ఒక చిన్న కడ్డీ కనిపిస్తాయి. ఆ చుక్కల్ని ప్రపంచానికి చూపించినవారిలో ఒకరు మద్రాసులో పనిచేసినవారు కావడం మనకు దగ్గరి విషయం. 1903లో కలకత్తా పక్క డమ్‌డమ్ నుంచి వచ్చి చనిపోయిన సిపాయి ప్లీహంలో విలియం లీష్మన్ వీటిని చూసినట్టు ప్రకటించాడు. అదే ఏడు మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డొనొవన్ తన రోగుల్లో వాటిని చూశాడు. మలేరియా దోమ సంగతి సికింద్రాబాదులో 1897లో కనిపెట్టిన రోనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ఆ జీవికి లీష్మానియా డొనొవానీ అని పేరుపెట్టాడు. అది కాలాఆజార్ తెచ్చే జీవి, చర్మపు పుండు తెచ్చేవి దాని బంధువులు. అప్పటికి అనంతపురం మద్రాసు రాజధానిలోని జిల్లానే. డొనొవన్ దగ్గర ఉన్నవి మైక్రోస్కోపు, రంగు సీసా, గాజుపలక. ఈనాడు హిందూపురంలో ఉన్న పరికరాలు వాటికి తీసిపోవు.

బీహారు, జార్ఖండ్ వైపునుంచి మన తూముకుంట పరిశ్రమలకు, పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారం చుట్టుపక్కల పనులకు వచ్చిన కూలీ సోదరుల్లో కూడా, ఎప్పుడో కాలాఆజార్ వచ్చి తగ్గాక చర్మంమీద తెల్ల మచ్చలు, బుడిపెలు రావచ్చు. అవి చూడటానికి కుష్ఠులాగే ఉంటాయి. తేడా చెప్పేది మళ్లీ గాజుపలకే.

రంగు అక్కర్లేనివి

ప్రతి చర్మవ్యాధికీ బయాప్సీ చేయించమని మేము అనడం లేదు. గజ్జి కూడా పరాన్నజీవి జబ్బే. దానికి కోత అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. వేళ్ల సందుల్లో గీకిన పొట్టును నూనెచుక్కలో వేసి మైక్రోస్కోపులో చూస్తే పురుగో, దాని గుడ్లో కనిపిస్తాయి, చాలాసార్లు అది కూడా అవసరం పడదు. ఇంట్లో, హాస్టల్లో, మదర్సాలో ఉన్న అందరికీ ఒకే రాత్రి మందు పూయడం, బట్టలు వేడినీళ్లలో ఉతకడం, ఇదీ దాని వైద్యం. షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ దురదను కొన్నాళ్లు అణచి, రోగాన్ని మాత్రం పెంచుతుంది.

మన తాతల కాలంలో దిగుడుబావుల నీళ్లు తాగి కాలినుంచి దారంలా పురుగు బయటికి వచ్చే నారికురుపు ఉండేది. దాన్ని గుర్తుపట్టడానికి కంటిచూపు చాలు. నీళ్లు వడకట్టడం, దిగుడుబావులు మూసి గిలకబావులు, బోర్లు పెట్టడంతో దేశం మొత్తంలో చివరి రోగి 1996లో కనిపించాడు, 2000 ఫిబ్రవరిలో భారతదేశం ఆ జబ్బునుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఏ మందూ, ఏ రంగూ లేకుండానే పోయిన పురుగు అది.

దాతలు అడగదగినవి

మా దగ్గరికి వచ్చే సహాయ దరఖాస్తులో గడ్డ తీసే ఆపరేషన్ ఉంటే, దానిలో బయాప్సీ ఖర్చు కలిపి రాయమని చెబుతాం. మీరు నేరుగా ఎవరికైనా సాయం చేసినా అదే చేయండి. ఆపరేషన్‌కు ఇచ్చి పరీక్షకు ఇవ్వకపోవడం, ఇల్లు కట్టి తలుపు పెట్టకపోవడం లాంటిది.

రోగి బంధువులు కొన్ని మాటలు గుర్తుంచుకుంటే చాలు. గడ్డను వెడల్పు మూతి సీసాలో వేయాలి. ఇరుకు మూతి సీసాలోకి బలవంతంగా దూర్చితే ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాల్సి వస్తుంది. నీళ్లలో, సెలైన్‌లో, స్పిరిట్‌లో, ఒట్టి గుడ్డలో చుట్టి పంపకూడదు. సీసామీద పేరు, వయసు, ఒంట్లో ఏ చోటినుంచి తీశారో, ఏ తేదీయో రాయాలి. దరఖాస్తు కాగితంలో ఫిట్స్ ఉన్నాయా, గల్ఫ్‌లో ఉన్నారా, గొర్రెలు కాస్తారా, ఇంట్లో క్షయ ఉందా అన్నది డాక్టరు చేత రాయించాలి. చూసేవారికి ఏ రంగు వేయాలో తట్టేది ఆ నాలుగు మాటల వల్లే.

క్షయ అనుమానం ఉంటే మరో జాగ్రత్త. ఫార్మలిన్ సూక్ష్మజీవిని చంపేస్తుంది, ఆ తర్వాత దాన్ని పెంచి చూడటం కుదరదు. అందుకని గడ్డను రెండు ముక్కలు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో, మరొకటి శుభ్రమైన సెలైన్‌లో పంపమని ముందే డాక్టరును అడగాలి. సెలైన్ ముక్కకు చేసే క్షయ జన్యు పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం.

ఎక్కడికి పంపాలన్న ప్రశ్నకు, ధర్మవరం వాళ్లకు అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గర, బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రి ఇంకా దగ్గర. హిందూపురం, పెనుకొండ వాళ్లకు జిల్లా ఆస్పత్రి ద్వారా అనంతపురమో, లేకపోతే బెంగళూరో. ఫార్మలిన్‌లో ఉన్న గడ్డకు ప్రయాణం వల్ల హాని లేదు, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. రిపోర్టు వచ్చాక దాన్ని ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించాలి. సంచిలో పెట్టి అటక మీద పెడితే పరీక్ష చేయించి లాభం లేదు.

చివరగా, రిపోర్టు తీసుకునేటప్పుడు మైనపు బ్లాక్ ఎక్కడ ఉంటుందో, దాని నంబరు ఏమిటో రాయించుకోండి. ప్రయోగశాలలు వాటిని ఏళ్లతరబడి దాచిపెడతాయి. రేపు వెల్లూరుకో బెంగళూరుకో వెళ్లాల్సివస్తే, ఆ బ్లాక్‌ను అడిగి తీసుకెళ్లవచ్చు. అక్కడి డాక్టరు దానినుంచి కొత్త పొర కోసి, తనకు కావాల్సిన రంగు వేసి చూస్తాడు. పిల్లవాడిని మళ్లీ కోయాల్సిన పని ఉండదు.